వేట నిషేధంలో తీసిన లెక్క

మా పెద్దమ్మాయిని బడిలో టీచరు "మీ నాన్నగారు ఏం చేస్తారు?" అని అడిగితే "రోడ్డు పక్కన కూర్చుంటారు" అని చెప్పిందట. పిల్ల చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. విశాఖపట్నంలో ముప్పై రెండేళ్ళు నేను చేసిన ఉద్యోగంలో సగం అదే. ఒక ప్లాస్టిక్ స్టూలు, ఒక అట్ట, దానికి క్లిప్పుతో బిగించిన ఫారం, ఒక పెన్సిలు. ముందు నుంచి పోయే ప్రతి బండికీ ఒక గీత. నాలుగు నిలువు గీతలు, ఐదోది వాటి మీద అడ్డంగా. సాయంత్రానికి గీతలన్నీ కూడితే ఆ రోడ్డు ఎంత రద్దీగా ఉంటుందో తేలుతుంది. అపార్టుమెంట్లు కట్టాలన్నా, రోడ్డు వెడల్పు చేయాలన్నా, సిగ్నలు పెట్టాలన్నా పై ఆఫీసర్లు ముందు ఈ లెక్క అడుగుతారు.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న మీరంతా స్తంభానికి కెమెరా కట్టి వెళ్ళిపోతున్నారు. లెక్క అదే వేసుకుంటుంది. మంచిదే, వెన్నునొప్పి తప్పుతుంది. ఆ మధ్య రిటైరైన వాళ్ళని పిలిచి కొత్తవాళ్ళకి నాలుగు మాటలు చెప్పమన్నారు. సర్వీసులో గొప్పగా చేసిన పని ఒకటి చెప్పమన్నారు. గొప్పవేవీ నాకు గుర్తు రాలేదు. గుర్తొచ్చింది ఒక్కటే, అది ఆ మైకు ముందు చెప్పడానికి నోరు రాలేదు. ఏవో రెండు జోకులు చెప్పి, శాలువా కప్పించుకుని ఇంటికొచ్చేశాను. ఆ చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను.

మనుషుల పేర్లు రాయను. పేట పేరు కూడా రాయను. జాలరిపేట నుంచి రుషికొండ దాకా తీరం వెంట పోతుంటే అలాంటి సందులు ఎన్నో కనబడతాయి. వాటిలో ఏదో ఒకటి అనుకోండి.

ఆ సందుకి ఒక చివర సముద్రం, ఇంకో చివర మెయిన్ రోడ్డు. నడిస్తే ఐదారు నిమిషాల దూరం. రెండు ఆటోలు ఎదురుపడితే ఒకటి ఎవరింటి అరుగో ఎక్కినంత పని చేయాలి. సందు మొగలో, మెయిన్ రోడ్డుకి కాస్త ఇవతల, ఓ పక్కన కొంచెం ఖాళీ జాగా ఉండేది. పేటలో ఆడవాళ్ళు తెల్లవారుజామున ఒడ్డున వేలంలో పాడుకున్న చేపల్ని గంపలకెత్తుకుని, ఆ జాగా దాకా నడిచి వచ్చి, అక్కడ ఆటోలెక్కి ఊళ్ళోకి అమ్మకానికి వెళ్ళేవారు. వాళ్ళ అమ్మలూ అత్తలూ కూడా అక్కడి నుంచే వెళ్ళేవారు. అప్పట్లో ఆటోలు లేవు, రిక్షాలుండేవి. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ముందే తెలుసుకుని ఉండాల్సింది.

సందు మధ్యలో ఒక పాత ఐసు ఫ్యాక్టరీ మూతపడి ఉండేది. ఆ స్థలం ఎవరో బిల్డరు కొన్నాడు. ఐదు బ్లాకులు, రెండు వందల పైచిలుకు ఫ్లాట్లు. వెనక వైపు గెడ్డ, అంటే పెద్ద కాలువ, అడ్డంగా ఉంది కాబట్టి గేటు సందులోకే పెడతానన్నాడు. పేటవాళ్ళు అర్జీ పెట్టారు. "రెండొందల ఇళ్ళు వస్తే రెండొందల కార్లు వస్తాయి, మా గంపలూ మా ఆటోలూ ఏమైపోవాలి" అని మూడు పేజీలు, సగం సంతకాలు, సగం వేలిముద్రలు. అప్పుడు మా ఆఫీసులో లెక్క తీయమన్నారు. సందు ఇప్పటికే రద్దీగా ఉందని తేలితే బిల్డరు తన స్థలంలో కొంత వదిలి దారి వెడల్పు చేయాలి. ఖాళీగా ఉందని తేలితే గేటుకి అడ్డు లేదు. విషయం అంతే. ఆ లెక్కకి పెద్దని నేను.

మంచి లెక్కకి మంచి రోజు కావాలి. పండగ ఉండకూడదు. బడులకి సెలవులు ఉండకూడదు. వాన ఉండకూడదు. సోమవారం, శనివారం పనికిరావు. ఇవన్నీ చూసుకుని ఏప్రిల్ మూడో వారంలో ఒక బుధవారం ఎంచాను. ఇంకో వారం ఆగితే బడులు మూసేస్తారు, అంతకు ముందైతే వరసగా పండగలు. భలే రోజు పట్టానని నా భుజం నేనే తట్టుకున్నాను. బడులకి సెలవులున్నట్టే సముద్రానికీ సెలవుంటుందని నాకు తట్టలేదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ మధ్య నుంచి రెండు నెలలు ఇంజను పడవలు సముద్రంలోకి వెళ్ళకూడదు. అది పేపర్లో పడుతుంది, నేను చదువుతాను కూడా. చదివి చేపల ధర పెరుగుతుందనుకున్నానే గాని, నా ఫారానికీ దానికీ సంబంధం ఉందనుకోలేదు.

నాతో పాటు ఆ రోజు మా ఆఫీసు అతనొకడు సందుకి ఆ చివర కూర్చున్నాడు. నాకన్నా ఏడెనిమిదేళ్ళు చిన్న. ఇరవై ఏళ్ళుగా పక్క పక్క సీట్లు మావి. నన్ను "బావా" అని పిలిచేవాడు. చుట్టరికం ఏమీ లేదు, మా వైపు మగవాళ్ళ మధ్య అదొక పిలుపు. ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా మా డ్యూటీ. లెక్కంటే అప్పుడే తీస్తారు, ఆఫీసులకీ బడులకీ జనం తిరిగే వేళ అని.

పదకొండు గంటలకి నా ఫారంలో గీతలు అక్కడక్కడ చల్లినట్టున్నాయి. రెండు మోటారు సైకిళ్ళు, ఒక గ్యాసు బండి, సైకిలు మీద పాలవాడు. ఎండ దంచేస్తోంది. ఒక ఆవిడ వచ్చి నా స్టూలు పక్కన నిలబడింది. యాభై దాటి ఉంటాయి. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, చేతిలో ఎండు చేపల సంచీతో ఉంది.

"ఏటి బాబూ, రాత్తన్నావ్?" అంది.

"బళ్ళు లెక్కపెడుతున్నామమ్మా. ఆ అపార్టుమెంట్ల కోసం."

ఆవిడ సందుని ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకసారి చూసింది. ఒక కుక్క తప్ప ఏమీ లేదు.

"ఇప్పుడు లెక్కెడితే ఏటుంటాది బాబూ? ఏట బందు కదా. బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి. రెండు నెల్లు ఇంతే. మా ఆటోలోల్లు కూడా బస్టాండు కాడికి పోనారు బేరాలకి. సేపలు దిగినాక రా. తెల్లారగట్ల అయిదింటికి రా. అప్పుడు సూద్దువు గాని, ఈ మొగలో కాలెట్టడానికి సోటుండదు."

"అలాగేనమ్మా, చేపలు దిగాక వస్తాను" అన్నాను.

నేను పల్లెటూరి రైతు కుటుంబం నుంచి వచ్చినవాణ్ణి. ఉభాల రోజుల్లో, అంటే నాట్లు వేసే రోజుల్లో, మా ఊరి వీధిలో మనిషి కనబడడు. అది చూసి ఎవరైనా ఈ ఊళ్ళో జనం లేరని రాసుకుపోతే మా నాన్న కర్ర పట్టుకుని వెంటపడేవాడు. ఆవిడ చెప్పింది సరిగ్గా అదే సంగతి. నాకు అర్థం కాకపోలేదు. అర్థమైంది కాబట్టే మధ్యాహ్నం భోజనాల దగ్గర మావాడితో చెప్పాను.

వాడు పులిహోర పొట్లం విప్పుతూ అన్నాడు. "బావా, రెండు నెల్లాగమని ఎవుడికి సెప్తాం? ఆఫీసరు శుక్రవారం రిపోర్టు అడిగినాడు. ఫారంలో గళ్ళున్నాయి, గళ్ళు నింపుతన్నాం. గంపకి గడి ఉందేటి అందులో?"

లేదు. కారు, మోటారు సైకిలు, ఆటో, బస్సు, లారీ, సైకిలు ఉన్నాయి. తలమీద గంప పెట్టుకుని నడిచే మనిషికి గడి లేదు. ఆ మాట నాకు భలే ఊరటనిచ్చింది. ఊరట కావాలనుకున్నప్పుడు ఏ మాటైనా ఇస్తుంది.

అంతటితో ఊరుకున్నా కొంత నయంగా ఉండేది. నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని ఆఫీసులో పేరు. నివేదిక చివర రిమార్కులకి నాలుగు గీతల జాగా ఉంటుంది. చాలామంది "ఏమీ లేవు" అని రాసి వదిలేస్తారు. నేను అలా వదలను. కూర్చుని, పెన్ను మార్చి, ఇలా రాశాను: "ఈ దారిలో సరుకు రవాణా ఆటోల రాకపోకలు గాని, వాటికి నిలుపు స్థలం గాని లేవు." కింద నా సంతకం, దాని కింద మావాడి సంతకం. ఆఫీసరు చదివి "క్లియర్‌గా ఉందయ్యా" అన్నారు. మెచ్చుకున్నారు కదా అని ఆ రోజు ఇంటికి మిఠాయి పట్టుకెళ్ళాను.

గేటుకి అనుమతి వచ్చింది. ఐదు బ్లాకులూ లేచాయి. చేపలు దిగాక నేను ఆ సందుకి వెళ్ళలేదు.

ఆరేళ్ళు గడిచాయి. నా రిటైర్మెంటుకి ఇంకా ఏడాదిన్నర ఉంది. ఒక రోజు ఆఫీసరు, అప్పటి ఆయన కాదు, ఆయన తర్వాత మూడో ఆయన, ఒక ఫైలు నా బల్ల మీద పెట్టి "ఇది నువ్వు చూసిన ఏరియాయేగా, చూడు" అన్నారు. అపార్టుమెంటు అసోసియేషను వాళ్ళ అర్జీ. రోజూ తెల్లవారుజామున సందు మొగలో చేపల ఆటోలు ఆగిపోయి తమ కార్లు కదలడం లేదని, వాసన, అరుపులు, ఐసు నీళ్ళతో అవస్థగా ఉందని రాశారు. అందులో అబద్ధం లేదు. రెండు వందల ఇళ్ళకి ఒకటే సందు, అదీ ఆటోలున్న సందు. ఆటోల్ని అక్కడి నుంచి తీసేసి, మెయిన్ రోడ్డు దాటి ఆ పైన వంతెన అవతలకి మార్చమని వాళ్ళ కోరిక.

దానికి ఆధారంగా ఒక కాగితం జత చేశారు. నా నివేదిక జిరాక్సు. నా రిమార్కు మీద పసుపు రంగు పూసి ఉంది. పక్కన టైపు చేసి ఉంది: ఆరేళ్ళ క్రితం ఈ సందులో చేపల ఆటోలు గాని, స్టాండు గాని లేవని అధికారిక నివేదికే చెబుతోంది. మా భవనాలు వచ్చాక కొత్తగా పుట్టుకొచ్చిన ఆక్రమణ ఇది.

నా చేతిరాత నిజంగానే బాగుంది. తరాలుగా అక్కడ నిలబడుతున్న మనుషుల్ని నేను ఒక్క వాక్యంతో కొత్తగా వచ్చిన వాళ్ళని చేసేశాను.

మర్నాడు తెల్లవారి అయిదింటికి వెళ్ళాను. ఎవరూ పంపలేదు. ఆవిడ చెప్పినట్టే ఉంది, కాలు పెట్టడానికి చోటు లేదు. ఆటోలు ఏడెనిమిది, ఐసు పెట్టెలు, ఒడ్డు వైపు నుంచి వరసగా గంపలతో వస్తున్న ఆడవాళ్ళు. వాళ్ళ మధ్య నుంచి బయటికి రాలేక ఒక కారు హారను కొడుతోంది. ఆవిడ కూడా ఉంది. ఆరేళ్ళలో మోకాళ్ళు అరిగిపోయినట్టున్నాయి. గంప దించి, ఒక చెయ్యి ఆటోకి ఆనించి నిలబడింది. నన్ను చూసి కళ్ళు చికిలించింది.

"నువ్వా బాబూ! సేపలు దిగినాక ఒత్తానన్నావ్, ఇప్పుడొచ్చినావా?" అని నవ్వింది. చుట్టుపక్కల ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. "ఈ స్టాండు తీసీసి వంతెన అవతలకి ఏత్తారంట గదా? అక్కడిదాకా ఈ మోకాళ్ళతో గంపెత్తుకుని నాను నడవగల్నా? నడిసినా, ఎళ్ళేసరికి మార్కెట్లో సోటుంటాదేటి? నాకింకే పనీ రాదు బాబూ."

గంప ఆటోలోకి ఎక్కించడానికి ఒక చెయ్యి వేశాను. ఆ కాగితం సంగతి చెప్పలేదు.

ఆఫీసులో మావాడికి మాత్రం చెప్పాను. రెండు వైపుల వాళ్ళనీ కూర్చోబెట్టి ఆఫీసరు పెట్టబోయే మీటింగులో ఆ లెక్క తప్పని చెప్పేస్తానని. వాడు తలుపు దగ్గరగా వేశాడు.

"బావా, దండం పెడతాను. ఆ కాయితం మీద నా సంతకం కూడా ఉంది. ప్రమోషను లిస్టు పైకెళ్ళింది, నా పేరు మూడోది. నువ్వు ఏడాదిన్నరలో ఎల్లిపోతావు. నాను ఇంకా తొమ్మిదేళ్ళు ఈ కుర్చీలోనే కూకోవాలి. మీటింగులో వాళ్ళూ వాళ్ళూ తేల్చుకుంటారు, నువ్వు నోరిప్పకు."

సరే అన్నాను. ఆ క్షణంలో మనస్ఫూర్తిగానే అన్నాను. ఇది దాచుకోను.

మీటింగు ఆ అపార్టుమెంటు కమ్యూనిటీ హాల్లో పెట్టారు. ఒక పక్క ఫ్లాట్ల వాళ్ళు, ఒక పక్క పేటవాళ్ళు, బల్ల దగ్గర మా ఆఫీసరు, వెనక కుర్చీల్లో మేమిద్దరం. పేట ఆడవాళ్ళు మెరిసే పలకల నేల చూసి చెప్పులు గుమ్మం బయటే వదిలి వచ్చారు. అసోసియేషను సెక్రటరీ లేచి వెళ్ళి, వాళ్ళని ముందు వరస కుర్చీల్లో కూర్చోబెట్టాడు. ఆయన స్టీలు ప్లాంటులో పనిచేసి రిటైరైన మనిషి. ముప్పై ఏళ్ళు ఉక్కునగరం క్వార్టర్లలో, బస్సు తిరిగేంత వీధుల్లో ఉండి, ఈ సందులో ఫ్లాటు కొనుక్కున్నాడు. చెడ్డవాడని చెప్పడానికి నాకేమీ దొరకలేదు. చెడ్డవాడైతే నాకు సులువుగా ఉండేది.

"అమ్మా, మీ మీద మాకు కోపం లేదు" అని మొదలుపెట్టాడు. "నేనూ షిఫ్టులు చేసినవాణ్ణే, తెల్లవారి లేచి పనికెళ్ళడం అంటే నాకు తెలుసు. కానీ మొన్న మా ఆవిడకి గుండెల్లో నొప్పొచ్చింది. అంబులెన్సు ఈ మొగలోనే ఇరుక్కుపోయింది. ఇరవై నిమిషాలు. ఆవిడ చెయ్యి పట్టుకుని వాచీ చూస్తూ కూర్చున్నాను. దేవుడి దయ, బతికింది. ఇంకోసారి ఆ దయ ఉంటుందని గ్యారంటీ ఏంటి?" మూడో వరసలో ఒకావిడ తల దించుకుంది. ఆయన భార్యే అయి ఉంటుంది.

తర్వాత ఆయన కాగితం తీశాడు. కళ్ళజోడు సర్దుకుని నా వాక్యం గట్టిగా చదివాడు. "ఈ స్టాండు కొత్తది. పాతదైతే ఈ ఫ్లాటు కొనేవాణ్ణే కాదు. బిల్డరు ఈ కాగితం చూపించాడు కాబట్టే ధైర్యంగా కొన్నాను" అన్నాడు. ఈ సంగతి నాకు కొత్త. నా వాక్యం ఇటు వాళ్ళనే కాదు, అటు వాళ్ళనీ ముంచిందన్నమాట.

పేటవాళ్ళలో గోల రేగింది. "అబద్దం! ఎవుడు రాసినాడు?" అని వెనక నుంచి మగవాళ్ళు లేచారు. ముందు వరసలో ఉన్న చేపలావిడ మోకాళ్ళ మీద చేతులు పెట్టి మెల్లగా లేచి, వాళ్ళ వైపు తిరిగి కూర్చోమని చెయ్యి ఊపింది. తర్వాత మా ఆఫీసరు వైపు తిరిగింది.

"అంబులెన్సుకి దారియ్యం అనీసి మేవన్నామేటి బాబూ? ఆ రోజు గంపలు నేలమీద పారీసి దారిచ్చినాం, ఆ అమ్మని అడగండి. కాయితం సంగతంటారా..." ఆగి, నా వైపు చూసింది. గుర్తుపట్టిందని నాకు తెలుస్తూనే ఉంది. "కాయితం రాసిన బాబు అబద్దం రాయనేదు. ఆ రోజు మేవు నిజంగానే నేం, ఒక్క మడిసి కూడా అక్కడ నేదు. ఏట బందు. నాను సూసినాను, పాపం ఎండలో కూకుని రాసినాడు. ఉన్నదే రాసినాడు. ఆ బాబునేటీ అనకండి."

అని కూర్చుంది.

నాకు ముప్పై రెండేళ్ళ సర్వీసులో అంత మంచి సర్టిఫికెట్టు ఎవరూ ఇవ్వలేదు. అది తీసుకుని ఊరుకోవచ్చు. ఆఫీసరు నన్ను చూడను కూడా లేదు. మావాడు నా చొక్కా అంచు పట్టుకున్నాడు, నేను లేస్తానని నాకన్నా ముందు వాడికే తెలిసినట్టుంది. నేను లేచింది ధైర్యంతో కాదు. ఆవిడ నన్ను వెనకేసుకొస్తుంటే కూర్చుని ఉండటం నా వల్ల కాలేదు, అంతే.

"ఆ కాగితం రాసింది నేను" అన్నాను. "ఆవిడ ఒక మాట వదిలేశారు. వేట బందు అని, చేపలు దిగాక రమ్మని ఆ రోజే నాతో చెప్పారు. వస్తానన్నాను. వెళ్ళలేదు. తెలిసే రాశాను. లేవు అని రాయకుండా, ఈ రోజు లేవు అని రాసి ఉండాల్సింది."

ఆఫీసరు ముఖం మాడిపోయింది. సెక్రటరీ కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అంటే ఈ కాగితం చెల్లదా సార్?"

"ఆ ఒక్క రోజుకి చెల్లుతుందండీ. మిగతా రోజులకి చెల్లదు."

ఆయన ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. మోసపోయిన మనిషి ముఖం అది. ఆయనకి నేను క్షమాపణ చెప్పలేదు, ఏమని చెప్పాలో తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

మళ్ళీ లెక్క తీయమన్నారు. నన్నే తీయమన్నారు, శిక్ష అనుకుని. ఈసారి చేపలు బాగా పడే రోజుల్లో, తెల్లవారి నాలుగున్నరకి స్టూలు వేశాను. ఫారంలో ఖాళీ అంచు మీద స్కేలు పెట్టి ఒక గడి గీసి, పైన "తలమీద గంపతో నడిచేవారు" అని రాశాను. అయిదవుతుండగా సెక్రటరీ ఫ్లాస్కు పట్టుకుని వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "ఏ షిఫ్టు వేళకి లేచినా నాకు అలవాటేనండీ" అన్నాడు. నాకు టీ పోశాడు. గీతలు సరిగా పడుతున్నాయో లేదో చూడటానికే వచ్చాడని నాకు తెలుసు. రావాల్సిందే. ఆవిడ గంపతో మా ముందు నుంచి పోతూ, తల తిప్పకుండానే "రాసినావా?" అంది. "రాశానమ్మా" అన్నాను. ఆవిడ వెనక నడుస్తున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరూ "నన్ను రాసినావా?", "నన్ను?" అంటూ పోయారు. సెక్రటరీ నవ్వాడు. ఆరోజు ఆయన నవ్వడం అదే మొదలు.

చివరికి స్టాండు తీయలేదు. ఉదయం అయిదు నుంచి ఏడున్నర దాకా ఎడమ పక్క చేపల ఆటోలు, కుడి పక్క ఎప్పుడూ ఖాళీగా ఉంచాలి అని ఒప్పందం కుదిరింది. ఆ మాటలతో ఒక నీలం బోర్డు పెట్టారు. ఫ్లాట్ల వాళ్ళకీ తృప్తి లేదు, పేటవాళ్ళకీ తృప్తి లేదు. అందరికీ కొంచెం కొంచెం అసంతృప్తి ఉంటేనే పని సరిగా జరిగినట్టని మా ఆఫీసరు అన్నారు. ఆయనే నాకు మెమో ఇచ్చారు, తెలిసి కూడా అసంపూర్ణ నివేదిక ఎందుకిచ్చారో సంజాయిషీ చెప్పమని. "స్థానికులు చెప్పిన మాట వినకపోవడం వల్ల" అని ఒక్క ముక్క రాసిచ్చాను. "ఇదేం సంజాయిషీ అయ్యా!" అని విసుక్కుని, ఫైల్లో పెట్టేశారు.

మావాడి పేరు ఆ ఏడాది లిస్టులోంచి తీసేశారు. తర్వాతి ఏడాది వచ్చింది, కానీ వాడి వెనక ఉన్న ఇద్దరు ముందుకెళ్ళిపోయారు. వాడు నాతో తగువు పడలేదు. ఒక్కటే మార్చాడు. మర్నాటి నుంచి నన్ను "సార్" అని పిలవడం మొదలుపెట్టాడు. నా రిటైర్మెంటు రోజు దండ వేసి, "సార్ లాంటివారు అరుదు" అని మైకులో చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. దండ బరువుకి అనుకున్నారు.

రిటైరయ్యాక మొదటి ఏప్రిలులో వేట ఆగింది. బోర్డు కింద ఆ జాగా రెండు నెలలు ఖాళీగా ఉంటుంది కదా అని ఫ్లాట్ల వాళ్ళు కొందరు కార్లు పెట్టుకున్నారట. జూన్‌లో పడవలు మళ్ళీ వెళ్ళిన మొదటి రోజు తగాదా అయిందట. "రెండు నెలలు మీకు అవసరం లేనిది ఇప్పుడెందుకు?" అని ఎవరో అన్నారట. సెక్రటరీ కిందికి దిగి వచ్చి సర్ది చెప్పి, కార్లు తీయించాడని విన్నాను.

ఆ తర్వాతి ఏడాది, అంటే మొన్న ఏప్రిల్లో, పొద్దున్నే నడకకని బయల్దేరి ఆ వైపు వెళ్ళాను. పడవలు ఒడ్డునే ఉన్నాయి. సందు నిర్మానుష్యంగా ఉంది. బోర్డు కింద మాత్రం ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఒకావిడ ఆవిడే. ముందు గంప ఉంది. గంపలో ఏమీ లేదు.

"ఏటమ్మా, ఏట బందు కదా. ఉత్త గంపెట్టుకుని కూకున్నావేటి?" అన్నాను. ఆఫీసు పోయాక నా నోటికి మా ఊరి మాట మళ్ళీ తిరిగొచ్చింది.

"వొంతులేసుకున్నాం బాబూ. రోజుకి ఇద్దరం. అయిదింటి కాణ్ణించి ఏడున్నర దాకా. నిషేదం అయిపోయేదాకా ఇంతే."

"దేనికి?"

నామీద కోపంతో అనలేదు. వాన పడుతుంది గొడుగు పట్టుకెళ్ళు అని చెప్పినట్టు చెప్పింది.

"మల్లీ ఎవులో ఒచ్చి, మేవిక్కడ నేమని రాసీగలరు."

ఆవిడ గంప కాస్త పక్కకి జరిపింది. గట్టు మీద కూర్చున్నాను. ఎవరూ రాలేదు, ఏ బండీ ఆగలేదు. ఏడున్నరకి వాళ్ళిద్దరూ లేచి, ఖాళీ గంప తలకెత్తుకుని ఇంటికి వెళ్ళిపోయారు.